ఏ ఆటపెట్టె కొనాలి?

"వచ్చే నెల వెకేషన్‌కి వెళ్తున్నానన్నా. పిల్లాడు పీఎస్5 తెమ్మన్నాడు. షాపుకెళ్తే డిస్కు ఉన్నది, డిస్కు లేనిది, ప్రో అని ఇంకోటి చూపించాడు. ఏది తీసుకోవాలి?"

జుబైల్‌లో తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోట ఈ మాట వినబడుతూనే ఉంటుంది. సౌదీ తూర్పు తీరంలో 1975లో ఏర్పడిన రాయల్ కమిషన్ కట్టించిన ఈ పారిశ్రామిక నగరంలో రిఫైనరీల్లో, పెట్రోకెమికల్ ప్లాంట్లలో, షట్‌డౌన్ పనుల్లో మనవాళ్లు ఉన్నారు. కొందరు కుటుంబంతో ఫనాతీర్ వైపు ఫ్లాట్లలో ఉంటారు, చాలామంది కంపెనీ క్యాంపుల్లో ఉంటారు. ఇక్కడ కొన్న ఆటపెట్టె, అంటే గేమింగ్ కన్సోల్, ఎప్పటికీ ఇక్కడే ఉండిపోదు. ఈ ఏడాది కాకపోతే సౌదీ ఉద్యోగం వదిలి వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ రోజునైనా దమ్మామ్ విమానాశ్రయం దాటి అమలాపురమో, ఆర్మూరో, కడపో చేరుతుంది. అందుకే షాపులో గంటసేపు నిలబడి చూసినా దీనికి జవాబు దొరకదు. పెట్టె చేరబోయే గదిలో టీవీ, నెట్టు, ఎండ, కరెంటు ఎలా ఉన్నాయో తెలిస్తేనే ఏ రకం కొనాలో తేలుతుంది. వాటి వెనకున్న భౌతికశాస్త్రం ఏమంత కష్టమైంది కాదు.

సోనీ చేసే పీఎస్5 (ప్లేస్టేషన్ 5) రకాలే ఎక్కువ గందరగోళం పెడతాయి కాబట్టి ముఖ్యంగా వాటినే చూద్దాం. ఎక్స్‌బాక్స్ సంగతి చివర్లో చెప్పుకుందాం.

ఒకే పేరు, వేరు వేరు యంత్రాలు

పీఎస్5 సౌదీలో 2020 నవంబర్ 19న అమ్మకానికి వచ్చింది. మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న గానీ రాలేదు. అప్పట్లో డిస్కు పెట్టే అర ఉన్నది అమెరికాలో 499 డాలర్లు, లేనిది 399 డాలర్లు. రియాల్ విలువ 1986 నుంచీ డాలరుకు 3.75 దగ్గరే కట్టేసి ఉంది కాబట్టి ఆ రెంటి మధ్య తేడా 375 రియాళ్లని చటుక్కున లెక్క తేలుతుంది. 15 శాతం వ్యాట్, దుకాణదారు లాభం వేరే. 2023 నవంబర్‌లో సన్నబడిన స్లిమ్ వచ్చింది. 2024 నవంబర్ 7న ప్రో వచ్చింది, అప్పటి ధర 699 డాలర్లు. ఆ తర్వాత ధరలు పలుచోట్ల మారాయి గనక ఇవాళ్టి రేటు షాపులోనే చూసుకోవాలి.

అట్టపెట్టె మీద, యంత్రం వెనక లేబుల్ మీద సీఎఫ్ఐ అనే అక్షరాల పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని తప్పక చదవండి. మొదటి రెండంకెలు 10, 11, 12 అయితే అది పాత పెద్ద పెట్టె. సంఖ్య 2తో మొదలైతే స్లిమ్. 7తో మొదలైతే ప్రో. డిస్కు ఉన్న తొలి పీఎస్5 బరువు 4.5 కిలోలు, స్లిమ్ 3.2 కిలోలు. చేతిసామానుకు 7 కిలోలే అనే విమానంలో ఆ కిలో పైచిలుకు తేడా చిన్నది కాదు.

పాత పెద్ద పెట్టెకీ, స్లిమ్‌కీ ఆట ఆడటంలో తేడా ఏమైనా ఉందా? లేదు. రెంటిలోనూ బొమ్మలు గీసే శక్తి ఒకటే. వాటిలోని చిప్‌లో లెక్క విభాగాలు 40 ఉంటాయి, వాటిలో 36 మాత్రమే పనిచేస్తాయి. మిగతా నాలుగూ కావాలనే ఆపి ఉంచినవి. సిలికాన్ పలక మీద చిప్‌లు అచ్చువేసేటప్పుడు ఏదో ఒక విభాగంలో లోపం రావడం మామూలే. నాలుగింటిని వదిలేసుకోవడానికి ముందే సిద్ధపడితే ఒక విభాగం చెడిన చిప్‌ని పారేయక్కర్లేదు. అలా పనికొచ్చే చిప్‌ల సంఖ్య పెరుగుతుంది. 2022లో వచ్చిన 1200 వరుస నుంచి ఆ చిప్‌నే 7 నానోమీటర్ల పద్ధతికి బదులు 6 నానోమీటర్ల పద్ధతిలో చేస్తున్నారు. అది కాస్త చిన్నది, కాస్త తక్కువ కరెంటు తాగుతుంది. ఆటలో ఆ మార్పు తెలియదు. తొలి పెట్టెలో నిల్వ 825 జీబీ, అందులో ఆటలకు మిగిలేది సుమారు 667 జీబీ. డిస్కు ఉన్న స్లిమ్‌లో నిల్వ ఒక టీబీ. ఇక నిజంగా వేరే యంత్రం ప్రో ఒక్కటే. అందులో లెక్క విభాగాలు 60, నిల్వ 2 టీబీ, డిస్కు అర మాత్రం లేదు.

మరి ఆ 60 విభాగాలు గీసిన బొమ్మ మన కంటికి అందుతుందా?

కంటికి ఆనేదెంత

టీవీ తెర మీద బొమ్మ అంతా సన్నని చుక్కలు. వాటిని చిత్రబిందువులు అందాం, అందరూ పిక్సెళ్లు అనేవి ఇవే. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, 4కె తెరలో 3840 ఉంటాయి. ఎన్ని ఎక్కువుంటే బొమ్మ అంత నాణ్యమని అమ్మేవాళ్లు చెబుతారు. అది సగం నిజం. మిగతా సగం మన కంటిపాప వెనకున్న పొర చేతిలో ఉంది.

ఉప్పాడ జామ్‌దానీ చీర చేతిలోకి తీసుకుని చూస్తే పోగుపోగూ కనిపిస్తుంది. అరవయ్యో కౌంటు నూలా, వందో కౌంటు నూలా అన్నది వేలితో తాకి కూడా చెప్పొచ్చు. అదే చీర కట్టుకున్నావిడ పెళ్లిపందిట్లో అవతలి వరసలో కూర్చుంటే మనకు కనబడేవి రంగు, అంచు, బుటా. పోగులు ఎక్కడికీ పోలేదు, కన్ను వాటిని కలిపేసింది. అంత దూరం నుంచి చూసేవాళ్లకు వందో కౌంటు అయినా అరవయ్యో కౌంటు అయినా ఒకటే చీర.

కన్ను ఎక్కడ కలిపేస్తుందో లెక్క ఉంది. మామూలు చూపున్నవాళ్లు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఎడంగా ఉన్న రెండు చుక్కల్ని విడివిడిగా చూడగలరు. కంటిడాక్టరు చార్టులో 6/6 అని రాసేది ఇంచుమించు ఈ చూపునే. మీటరు దూరంలో ఆ ఎడం 0.29 మిల్లీమీటర్లు, మూడు మీటర్ల దూరంలో 0.87 మిల్లీమీటర్లు. అంతకన్నా దగ్గరగా ఉన్న చుక్కలు కలిసిపోయి ఒకటిగా కనబడతాయి.

ఇప్పుడు టేపు తీసుకోండి. 55 అంగుళాల టీవీ తెర వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో ఒక్కో చుక్క 0.63 మిల్లీమీటర్లు, 4కె బొమ్మలో 0.32 మిల్లీమీటర్లు. సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంటే కంటి హద్దు 0.87. రెండూ ఆ హద్దు లోపలే ఉన్నాయి, రెండూ కలిసిపోతాయి. ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా పసిగట్టాలంటే 2.2 మీటర్ల కన్నా దగ్గరికి జరగాలి. 43 అంగుళాల టీవీ అయితే ఇంకా దగ్గరికి, 1.7 మీటర్ల లోపుకు రావాలి. మన ఊళ్లలో హాల్లో గోడకు టీవీ, ఎదుటి గోడకు సోఫా ఉంటుంది. ఆ దూరంలో ప్రో గీసే అదనపు చుక్కల్లో చాలా భాగం కంటిదాకా రాదు.

క్యాంపు గదిలో బల్ల మీద 27 అంగుళాల 4కె మానిటర్ పెట్టుకుని 70 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని ఆడేవాళ్ల సంగతి వేరు. అక్కడ కంటి హద్దు 0.2 మిల్లీమీటర్లు. ఫుల్ హెచ్‌డీ చుక్క 0.31 ఉంటుంది కాబట్టి గరుకు తెలుస్తుంది. 4కె చుక్క 0.16 కాబట్టి నునుపుగా ఉంటుంది. పెద్ద హాలు, పెద్ద టీవీ ఉన్నవాళ్లకే ప్రో అవసరమని అనుకుంటాం గానీ, చిన్న గదిలో తెరకు దగ్గరగా కూర్చునేవాళ్లే దాని పనితనాన్ని ఎక్కువ చూస్తారు.

ఒక మినహాయింపు చెప్పాలి. కదిలే బొమ్మలో కరెంటు తీగలు, కంచెలు, చెట్ల ఆకుల అంచులు మిణుకుమిణుకుమంటాయి. చుక్క కనబడని దూరంలో కూడా ఆ మిణుకు కంటికి తగులుతుంది. ప్రో తక్కువ చుక్కలతో బొమ్మ గీసి, మిగతావి కృత్రిమమేధతో ఊహించి నింపుతుంది. ఆ పద్ధతి ఈ మిణుకును తగ్గిస్తుంది. అలాగే వెలుగు నీడల తేడా బాగా చూపే టీవీ ఏ దూరం నుంచైనా బాగుంటుంది. అందుకే చవక టీవీకి ప్రో తగిలించడం కన్నా మామూలు పీఎస్5కి మంచి టీవీ తోడు చేయడం మేలని నా అభిప్రాయం.

చుక్కల కన్నా కంటికి బాగా తెలిసేది చిత్రవేగం. సెకనుకు 30 బొమ్మలైతే ఒక్కో బొమ్మ 33 మిల్లీసెకన్లు తెర మీద నిలుస్తుంది, 60 అయితే దాదాపు 17. బంతి ఎగిరేటప్పుడు, కారు మలుపు తిరిగేటప్పుడు ఆ తేడా పదేళ్ల పిల్లాడికీ తెలుస్తుంది. చాలా పీఎస్5 ఆటల సెట్టింగుల్లో నాణ్యతకు ఒకటి, వేగానికి ఒకటి చొప్పున రెండు పద్ధతులుంటాయి. వేగం ఎంచుకుంటే చుక్కలు కొన్ని తగ్గి బొమ్మలు 60కి చేరతాయి. సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంటే ఆ తగ్గిన చుక్కలు ఎలాగూ కనబడేవి కావు. రెండూ ఒకేసారి కావాలనేవాళ్ల కోసమే ప్రో.

డిస్కు ఉండాలా, వద్దా

ఆట డిస్కును వెలుతురులో అటూ ఇటూ తిప్పితే ఇంద్రధనుస్సు రంగులు కదులుతాయి. దాని మీద వరసలు అంత దగ్గరదగ్గరగా ఉండటమే అందుకు కారణం. సీడీలో వరసకూ వరసకూ మధ్య 1.6 మైక్రోమీటర్లు, డీవీడీలో 0.74, బ్లూరేలో 0.32. మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత సన్నని వరసను చదవాలంటే అంత సన్నగా పడే కాంతి కావాలి. కాంతి తరంగం పొడవు ఎంత తక్కువైతే దాన్ని అంత చిన్న చుక్కగా కేంద్రీకరించవచ్చు. సీడీకి 780 నానోమీటర్ల లేజరు వాడారు, డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు, బ్లూరేకి 405 నానోమీటర్ల ఊదా. సీడీలో 700 ఎంబీ పట్టిన చోటే మూడు పొరల అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో 100 జీబీ పడుతుంది.

అయితే పీఎస్5 ఆటను డిస్కు మీంచి ఆడించదు. లోపలి చిప్‌ల నిల్వ సెకనుకు 5.5 జీబీ చదువుతుంది. తిరిగే డిస్కు ఆ వేగానికి దరిదాపుల్లోకి కూడా రాదు. అందుకని డిస్కులోని ఆట మొదట లోపలికి దిగుతుంది. ఆ తర్వాత డిస్కు ఆ ఆటకు తాళంచెవిగా మాత్రమే ఉంటుంది, ఆడిన ప్రతిసారీ అరలో ఉండాలి. ఈ తాళంచెవిని అమ్మొచ్చు, తమ్ముడికి ఇవ్వొచ్చు, పక్కగది వాళ్లతో మార్చుకోవచ్చు. నెట్‌లో కొన్న ఆట ఖాతాకు అంటుకుపోతుంది, ఎవరికీ అమ్మలేం.

ఇక ఊళ్లో నెట్టు సంగతి. 100 జీబీ ఆటను 50 ఎంబీపీఎస్ ఫైబర్ మీద దించుకోవడానికి దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు వచ్చేస్తుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాకు మీదైతే 67 రోజులు. ఫైబర్ రాని ఊరికి డిస్కు లేని పెట్టె పంపడమంటే పిల్లాడి చేతికి ఖాళీ పెట్టె ఇవ్వడమే. డిస్కు ఉన్నా కొన్ని ఆటలకు పెద్ద అప్‌డేట్లు దిగాల్సి ఉంటుంది, ఆ ఇబ్బంది పూర్తిగా పోదు. కానీ సింహభాగం డిస్కులోనే వచ్చేస్తుంది.

డిస్కు లేని స్లిమ్‌కీ, ప్రోకీ డిస్కు అరను విడిగా కొని తగిలించుకోవచ్చు. తగిలించినప్పుడు ఒకసారి నెట్ ద్వారా దాన్ని ఆ యంత్రానికి జతచేయాలి. జుబైల్‌లోనే జతచేసి, ఒక డిస్కు ఆడించి చూసి, అప్పుడు సూట్‌కేసులో సర్దండి.

సౌదీ డిస్కు ఇండియాలో ఆడుతుందా అని చాలామంది భయపడతారు. పీఎస్5 ఆటలకు దేశాల కంచె లేదు, ఆడుతుంది. కంచె ఉన్నది సినిమాలకి. డీవీడీల్లో సౌదీ 2వ ప్రాంతం, భారత్ 5వ ప్రాంతం. బ్లూరేల్లో సౌదీ బి, భారత్ సి. సౌదీలో కొన్న యంత్రం సి ముద్ర ఉన్న బ్లూరేను తీసుకోదు. 4కె బ్లూరేలకు ఈ బాధ లేదు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఖాతా. ప్లేస్టేషన్ ఖాతా తెరిచేటప్పుడు అడిగే దేశం తర్వాత మార్చుకునేది కాదు. సౌదీ ఖాతాలో ధరలు డాలర్లలో ఉంటాయి, ఆ దేశపు రీచార్జి కార్డులే పడతాయి. ఆటకు విడిగా కొనే అదనపు భాగాలు కూడా ఆట ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతానివే కావాలి. పిల్లాడు ఊళ్లో ఉంటే అతని ఖాతాను మొదటి రోజే ఇండియా ఖాతాగా తెరవండి. మీ ఫోన్‌లో మీ పేరు మీద హడావిడిగా సౌదీ ఖాతా తెరిచి ఇస్తే, రేపు అక్కడ రూపాయల్లో కొనాలన్నప్పుడు కొత్త ఖాతా తెరవాల్సి వస్తుంది. గెలిచిన ట్రోఫీలన్నీ పాతదాంట్లోనే మిగిలిపోతాయి.

ప్రో భారత్‌కు ఎందుకు రాలేదు

2024 నవంబర్‌లో ప్రో చాలా దేశాల్లో వచ్చినప్పుడు భారత్ ఆ జాబితాలో లేదు. సోనీ చెప్పిన కారణం రేడియో తరంగాలు. ప్రోలో వైఫై 7 ఉంది. అది 2.4, 5 గిగాహెర్ట్జ్ పట్టీలతో పాటు 6 గిగాహెర్ట్జ్ పట్టీని కూడా వాడుతుంది. ఆ పట్టీని లైసెన్సు లేకుండా వాడటానికి అప్పటికి భారత్‌లో అనుమతి లేదు. సౌదీ మాత్రం 2021లోనే 5925 నుంచి 7125 మెగాహెర్ట్జ్ దాకా మొత్తం పట్టీని వైఫైకి తెరిచింది.

ఒక పట్టీ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, రేడియో తరంగాలకు చోటు పరిమితం. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర వైఫైకి దొరికేది 80 మెగాహెర్ట్జ్ పైచిలుకు మాత్రమే. బ్లూటూత్, మైక్రోవేవ్ ఒవెన్, పక్కింటి రౌటర్ అన్నీ అందులోనే ఇరుక్కుంటాయి. 6 గిగాహెర్ట్జ్ దగ్గర ఏకంగా 1200 మెగాహెర్ట్జ్ చోటు ఉంది. కానీ అది పూర్తిగా ఖాళీ కాదు. నేల మీంచి ఉపగ్రహాలకు సంకేతాలు పంపేది ఆ పట్టీ కింది భాగంలోనే. పై భాగాన్ని తమకివ్వాలని మొబైల్ కంపెనీలు అడుగుతున్నాయి. 2025 మేలో కేంద్ర టెలికాం శాఖ కింది భాగాన్ని, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు, ఇళ్లలోపల తక్కువ శక్తితో వాడుకోవడానికి వదిలే ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది.

జుబైల్‌లో కొన్న ప్రో ఊళ్లో పనిచేస్తుందా అంటే, చేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద గానీ, అంతకన్నా మంచిదైన లాన్ కేబుల్ మీద గానీ ఆడుకోవచ్చు. ఆటకు కావలసింది శక్తిమంతమైన వైఫై కన్నా నిలకడైన నెట్టు, అది వైరులో దొరుకుతుంది. ఇబ్బంది రిపేరు దగ్గర వస్తుంది. వారంటీ సాధారణంగా కొన్న ప్రాంతానికే చెల్లుతుంది. పైగా కంపెనీ దేశంలో అమ్మని యంత్రానికి విడిభాగాలు దొరకడం కష్టం. కొనే రోజుకు భారత్‌లో ప్రో అధికారికంగా అమ్ముతున్నారో లేదో చూసుకోండి.

ఎండ, తేమ, కరెంటు

ఆట నడుస్తున్నప్పుడు పీఎస్5 సుమారు 200 వాట్లు తాగుతుంది. అందులో దాదాపు ప్రతి వాటూ చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. చుట్టూ గాలి 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటేనే వాడమని సోనీ చెబుతుంది. జుబైల్‌లో వేసవి 45 డిగ్రీలు దాటినా గదిలో ఏసీ ఆగదు కాబట్టి యంత్రానికి ఇబ్బంది లేదు. మే నెల రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో పరిస్థితి వేరు, మధ్యాహ్నం గది గాలే 38, 40 డిగ్రీలుంటుంది. ఫ్యాను ఎంత తిరిగినా అది లోపలికి లాగేది ఆ వేడిగాలినే. ఏ రకం కొన్నా ఆ నెలలో మధ్యాహ్నం ఆట మానిపించి సాయంత్రానికి మార్చండి. టీవీ కింద తలుపులున్న అరలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

జుబైల్‌లో ఇంకో ప్రమాదం తేమ. ఏసీ గదిలో చల్లబడిన యంత్రాన్ని సముద్రపు ఉక్కలోకి తెస్తే చల్లటి లోహం మీద నీటి ఆవిరి బొట్లుగా పేరుకుంటుంది. ఏసీ కారు దిగి బయటి ఉక్కలోకి రాగానే కళ్లద్దాలు మసకబారడం అందరూ చూసేదే. అలాంటప్పుడు స్విచ్ వేయకుండా కొన్ని గంటలు ఆరనివ్వాలి.

కరెంటు గురించి భయం అక్కర్లేదు. సౌదీలో 60 హెర్ట్జ్, మనకు 50. అక్కడి పాత ఇళ్లలో 127 వోల్టులు కూడా ఉండేవి, మనకు 230. ఈ యంత్రాల్లోని విద్యుత్ సరఫరా భాగం వచ్చిన కరెంటును ముందు ఏకముఖంగా మార్చి, తర్వాత సెకనుకు వేల సార్లు తుంచి తనకు కావలసిన తక్కువ వోల్టేజిని తయారుచేసుకుంటుంది. కాబట్టి 50, 60 తేడా దానికి పట్టదు. వెనక లేబుల్ మీద వోల్టేజి మాత్రం ఒకసారి చదవండి. మారేది ప్లగ్గు. సౌదీలో మూడు పలక పిన్నులు, మనకు గుండ్రటి పిన్నులు. పీఎస్5కి పట్టే వైరు ఊళ్లో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది.

ఇక కొనేదేది

ఊళ్లో హాల్లో 43, 55 అంగుళాల టీవీ ముందు పిల్లలు ఆడుకోవడానికైతే డిస్కు ఉన్న స్లిమ్ కొనండి. ఎక్కువమందికి సరిపోయేది అదే. ఫైబర్ ఉండి, ఒక్కడే ఆడుకునేవాడై, పాత ఆటలు అమ్మే ఉద్దేశం లేకపోతే డిస్కు లేనిది తీసుకోవచ్చు. అర తర్వాత తగిలించుకునే దారి ఎలాగూ ఉంది. మంచి 4కె తెరకు దగ్గరగా కూర్చుని, జుబైల్‌లోనే ఇంకా కొన్నేళ్లు ఉండేవాళ్లకు ప్రో పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. బడ్జెట్ తక్కువై, టీవీ ఫుల్ హెచ్‌డీదే అయితే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చాలు. రెండు కిలోలు కూడా తూగదు, కానీ దానికి డిస్కు అర లేదు, తర్వాత తగిలించడమూ కుదరదు.

షాపుకు బయల్దేరే ముందు ఇంటికి ఒక ఫోన్ చేయండి. టీవీ ఎన్ని అంగుళాలో, సోఫా నుంచి టీవీకి ఎన్ని మీటర్లో టేపుతో కొలిచి చెప్పమనండి. నెట్టు ఫైబరో, మొబైలో కనుక్కోండి. కస్టమ్స్ సుంకం లేకుండా ఎంత విలువ తేవచ్చో ప్రయాణానికి ముందు చూసుకోండి, బిల్లు పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోండి.